ట్రాకులు ఎవరి చేతిలో పెట్టాలి? లైసెన్సింగ్ కంపెనీల గురించి ఒక స్వతంత్ర స్వరకర్త ప్రశ్న

ప్రశ్న: నేను సొంతంగా సంగీతం చేసుకునే మనిషిని. ఎక్కువగా వాద్య సంగీతమే: ఆర్కెస్ట్రా, పియానో, కొంత ఎలక్ట్రానిక్. పూర్తయిన ట్రాకులు నలభై దాకా ఉన్నాయి. మూడు కంపెనీల నుంచి జవాబు వచ్చింది. ఒకటి ప్రొడక్షన్ మ్యూజిక్ లైబ్రరీ, అంటే టీవీ, సినిమా, ప్రకటనలవాళ్లకు సిద్ధంగా ఉన్న సంగీతాన్ని లైసెన్సుకిచ్చే కంపెనీ. ట్రాకులన్నీ ఎక్స్‌క్లూజివ్‌గా (ఇంకెవరికీ ఇవ్వకుండా), శాశ్వతంగా ఇమ్మంటోంది. ముందు డబ్బేమీ ఇవ్వదు, వచ్చేదాంట్లో సగం సగం అంటోంది. రెండోది ఎవరైనా అప్‌లోడ్ చేసుకునే నాన్ ఎక్స్‌క్లూజివ్ సైటు. మూడోది చందా మీద నడిచే కంపెనీ. ట్రాకుకి ఇంత అని ఒకేసారి ఇచ్చి హక్కులన్నీ తీసుకుంటానంటోంది. దేన్ని ఎంచుకోవాలి? అవే ట్రాకుల్ని రెండు మూడు చోట్ల పెట్టొచ్చా? కొన్ని ట్రాకులు ఇప్పటికే స్ట్రీమింగ్‌లో ఉన్నాయి. వాటిని అక్కడికి చేర్చే డిస్ట్రిబ్యూటర్ దగ్గర కంటెంట్ ఐడీ (యూట్యూబ్ వీడియోల్లో మన ట్రాకును గుర్తుపట్టే వ్యవస్థ) కూడా ఆన్ చేసి ఉంది.

సమాధానం: అన్నిటికంటే ముందు చూడాల్సిన సంగతిని మీరు ఆఖరి వాక్యంలో రాశారు. కంటెంట్ ఐడీ వ్యవహారం తేలేదాకా ఎక్కడా సంతకం పెట్టకండి, ఏ సైటులోనూ అప్‌లోడ్ చేయకండి.

యూట్యూబ్ కంటెంట్ ఐడీలో ఒక రికార్డింగును చేర్చాలంటే, దాని మీద ఎక్స్‌క్లూజివ్ హక్కు చేర్చేవాళ్లకే ఉండాలి. మీ డిస్ట్రిబ్యూటర్ మీ తరఫున ఆ హామీ ఇచ్చేశాడు. ఇప్పుడు అదే ట్రాకును నాన్ ఎక్స్‌క్లూజివ్ సైటులో పెట్టారనుకోండి. ఎవరో డబ్బు కట్టి లైసెన్సు కొని తమ వీడియోలో వాడుకుంటారు. వీడియో ఎక్కీ ఎక్కకముందే దాని మీద మీ తరఫున క్లెయిము పడుతుంది, ప్రకటనల డబ్బు మీవైపు మళ్లుతుంది. కొన్నవాళ్లు సైటు మీద విరుచుకుపడతారు, సైటు మీ ట్రాకు తీసేస్తుంది. మళ్లీ మళ్లీ జరిగితే ఖాతాయే మూసేయొచ్చు. ఎక్స్‌క్లూజివ్ లైబ్రరీకి ఇచ్చినా తంటా తప్పదు. వాళ్లూ అదే రికార్డింగును చేర్చబోతారు, ఒకే ఆడియోకి ఇద్దరు హక్కుదారులు తేలతారు, ఆ తగువు తీరేదాకా డబ్బు ఎవరికీ అందదు.

డిస్ట్రిబ్యూటర్ డాష్‌బోర్డులో ట్రాకువారీగా ఆ సదుపాయాన్ని ఆపేయండి. ఆపగానే క్లెయిములు ఆగిపోవు. రిఫరెన్సు ఫైలు (వీడియోలతో పోల్చడానికి అక్కడ ఉంచిన మీ ట్రాకు కాపీ) వ్యవస్థలోంచి పోవడానికి రోజులు పడుతుంది, ఒక్కోసారి వారాలు. పోయిందో లేదో తెలుసుకోవడం తేలికే. ఏదో ఒక బొమ్మ మీద మీ ట్రాకు వేసి వీడియో చేసి, ప్రైవేటుగా అప్‌లోడ్ చేయండి. కాపీరైట్ తనిఖీ అయ్యాక క్లెయిమేదీ చూపించకపోతే పని అయినట్టే. ఇంకా పడుతుంటే ఐ.ఎస్.ఆర్.సి. నంబరుతో (ఒక్కో రికార్డింగుకి ఉండే గుర్తింపు నంబరు) సహా డిస్ట్రిబ్యూటర్‌కి రాయండి. అన్నట్టు, బయట కొన్న లూపుల్ని (సిద్ధంగా దొరికే సంగీతపు ముక్కల్ని) ఉన్నవి ఉన్నట్టు వాడిన ట్రాకులేమైనా ఉంటే వాటిని కంటెంట్ ఐడీలో అసలు పెట్టకూడదు. అదే లూపు వేలమంది దగ్గర ఉంటుంది. మీ క్లెయిము వాళ్ల పాటల మీద కూడా పడుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. "ఏ కంపెనీ" అని మొదలుపెడితే జవాబు దొరకదు. ఏ ట్రాకులో ఏ హక్కు, ఎంతకాలానికి ఇస్తున్నారన్నది ముందు తేలాలి. శాతాల దగ్గర అందరూ గట్టిగా బేరమాడతారు. కానీ శాతం తక్కువైతే కొంత డబ్బే పోతుంది. వెనక్కి రాని హక్కు రాసిచ్చేస్తే ట్రాకే పోతుంది. అందుకని కాంట్రాక్టును కాలపరిమితి, రద్దు క్లాజుల దగ్గర చదవడం మొదలుపెట్టండి. శాతాలు తర్వాత చూడొచ్చు.

మీ ప్రతి ట్రాకులోనూ రెండు వేర్వేరు కాపీరైట్లున్నాయి. స్వరరచన మీద ఒకటి, ఆ రికార్డింగు మీద ఒకటి. సినిమావాళ్లో ప్రకటనవాళ్లో దృశ్యానికి మీ సంగీతం జోడించాలంటే స్వరరచనకి సింక్ లైసెన్సు, రికార్డింగుకి మాస్టర్ లైసెన్సు, రెండూ కావాలి. రెండూ మీ ఒక్కరి దగ్గరే ఉండటం మీకున్న పెద్ద బలం. సినిమాలకూ ప్రకటనలకూ సంగీతం ఎంపిక చేసే మ్యూజిక్ సూపర్‌వైజర్లు దీన్నే వన్ స్టాప్ అంటారు. రేపు ఉదయానికల్లా ట్రాకు క్లియర్ కావాల్సినప్పుడు ఒక్క సంతకంతో పనైపోయేదాన్నే తీసుకుంటారు. ఎవరైనా వయొలిన్ వాయించి పెట్టినా, స్నేహితుడు ఒక వరస అల్లినా ఆ బలం పోతుంది. వాయించినవాళ్ల దగ్గర రికార్డింగు హక్కు మీకు బదిలీ చేసినట్టు, కలిసి కట్టినవాళ్లయితే ఎవరి వాటా ఎంతో తేల్చినట్టు, సంతకం చేసిన కాగితం తీసుకోండి. ట్రాకు అమ్ముడుపోయాక ఆ సంతకం కోసం వెళ్తే అప్పటికి ధర మారిపోయి ఉంటుంది.

డబ్బు వచ్చే దారులు కూడా వేర్వేరు. వాడుకున్నందుకు ముందుగా ఇచ్చేది సింక్ ఫీజు. టీవీలో ప్రసారమైనప్పుడల్లా వచ్చేది పెర్ఫార్మెన్స్ రాయల్టీ. దీన్ని స్వరకర్తల తరఫున ఏస్కాప్, బీఎంఐ (అమెరికా), పీఆర్ఎస్ (బ్రిటన్), గేమా (జర్మనీ), సాసెమ్ (ఫ్రాన్స్), ఐపీఆర్ఎస్ (భారత్) లాంటి సొసైటీలు వసూలు చేస్తాయి. మాటల్లో బ్యాక్ ఎండ్ అంటారు. ఇది సాధారణంగా రెండు సమభాగాలు: రైటర్ (స్వరకర్త) వాటా, పబ్లిషర్ (స్వరరచన హక్కులు చూసుకునే సంస్థ) వాటా. ఇవి కాక స్ట్రీమింగు డబ్బు, యూట్యూబ్ డబ్బు, రికార్డింగు వైపు వచ్చే రాయల్టీలు ఉంటాయి. కంపెనీ ఇచ్చిన కాగితం ముందు పెట్టుకుని ఒక్కో దారికీ ఎవరు వసూలు చేస్తారు, మీకెంత అని రాసుకుంటూ పొండి. జవాబు దొరకని దారి ఏదైనా మిగిలితే అది కంపెనీకే పోతుందని అనుకోవడం క్షేమం.

మీ లైబ్రరీ "సగం సగం" అంటోంది కదా, ఏ మొత్తంలో సగమో అడగండి. లైబ్రరీల్లో మామూలుగా నడిచే పద్ధతి ఇది: సింక్ ఫీజులో సగం మీకు, రైటర్ వాటా పూర్తిగా మీకు, పబ్లిషర్ వాటా పూర్తిగా వాళ్లకు. ఒక కార్యక్రమం మీద పెర్ఫార్మెన్స్ రాయల్టీ 1000 వచ్చిందనుకుందాం. ఈ పద్ధతిలో మీకు 500, వాళ్లకు 500. కానీ కాగితంలో "రైటర్ వాటాను ఇరువురూ సమానంగా పంచుకుంటారు" అని ఒక్క వాక్యం ఉంటే మీకు 250, వాళ్లకు 750. దాన్ని కూడా వాళ్లు "సగం సగం" అనే చెబుతారు. రైటర్ వాటా మీద చెయ్యి వేసే కంపెనీతో మాట ముందుకు సాగనివ్వకండి. ఇందులో మినహాయింపులు వెతకక్కర్లేదు. ఇంకో చిన్న తిరకాసు కూడా ఉంది. ఏస్కాప్ మొత్తాన్ని 100గా లెక్కిస్తే, బీఎంఐ సంప్రదాయంగా రైటర్లకు 100, పబ్లిషర్లకు 100 చొప్పున మొత్తం 200గా లెక్కిస్తుంది. "50 శాతం" అని ఒంటరిగా కనిపిస్తే ఏ లెక్కలోనో అడిగి రాయించుకోండి.

విదేశాల డబ్బు దగ్గర ఇంకో మెలిక ఉంటుంది. లైబ్రరీ తాను స్వయంగా లేని దేశాల్లో సబ్ పబ్లిషర్‌ను పెట్టుకుంటుంది. అక్కడ సింక్ ఫీజు 1000 వస్తే, సబ్ పబ్లిషర్ తన 50 శాతం ఉంచుకుని 500 పంపిస్తాడు. మీ ఒప్పందంలో "కంపెనీకి అందిన నికర మొత్తంలో సగం" అని ఉంటే మీకు 250. "ఎట్ సోర్స్", అంటే పుట్టినచోటే లెక్కకట్టి సగం అని ఉంటే మీకు 500. మీ ట్రాకులు ఎక్కువగా విదేశాల్లో ఆడే రకమైతే ఒక్క మాటతో ఆదాయం సగానికి పడిపోతుంది. చిన్న లైబ్రరీలు ఎట్ సోర్స్ ఒప్పుకోవడం అరుదు. అలాంటప్పుడు సబ్ పబ్లిషర్ కోతకి ఒక పైపరిమితి పెట్టించండి. నికర మొత్తం అంటే ఏమేం తీసేస్తారో కూడా పేరుపేరునా రాయించండి. మార్కెటింగు ఖర్చులు, ఆఫీసు ఖర్చులు అందులో ఉండకూడదు.

టీవీ చానళ్లతో పనిచేసే లైబ్రరీలు చాలావరకు బ్లాంకెట్ లైసెన్సులు అమ్ముతాయి. ఏడాదికి ఇంత అని కట్టి చానల్ మొత్తం క్యాటలాగును వాడుకుంటుంది. అక్కడ ఒక్కో ట్రాకుకి విడిగా సింక్ ఫీజు ఉండదు. కొన్ని కంపెనీలు ఆ మొత్తాన్ని స్వరకర్తలకు దామాషాలో పంచుతాయి, కొన్ని ఏమీ పంచవు. పంచకపోతే మీకు మిగిలేది బ్యాక్ ఎండ్ మాత్రమే. అది రావాలంటే క్యూ షీటు సరిగ్గా ఉండాలి. కార్యక్రమంలో ఏ సంగీతం ఎన్ని సెకన్లు, ఏ రకంగా వాడారు, స్వరకర్త ఎవరు, పబ్లిషర్ ఎవరు, ఎవరి వాటా ఎంత, ఏ సొసైటీ అని రాసే పట్టిక అది. దాన్ని సొసైటీకి పంపేది నిర్మాణ సంస్థ లేదా చానల్, లైబ్రరీ కాదు. కానీ మంచి లైబ్రరీ కాపీలు తెప్పించుకుని సరిచూస్తుంది. "క్యూ షీట్ల కాపీలు మీకు వస్తాయా, స్వరకర్తలకు చూపిస్తారా" అని అడిగితే కంపెనీ ఎంత శ్రద్ధగా పనిచేస్తుందో ఆ ఒక్క జవాబుతో తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ మొదటి ప్రతిపాదన. ఎక్స్‌క్లూజివ్ అనగానే భయపడనక్కర్లేదు. యూనివర్సల్ ప్రొడక్షన్ మ్యూజిక్, ఎక్స్‌ట్రీమ్ మ్యూజిక్, కేపీఎం లాంటి పెద్ద పేర్లు నడిచేది చాలావరకు ఎక్స్‌క్లూజివ్ మీదే. హక్కుల బదిలీ కూడా అడుగుతారు. అందుకు బదులుగా వాళ్ల దగ్గర దేశదేశాల పంపిణీ ఉంటుంది, ఎడిటర్ల టేబుళ్ల మీద ఏళ్ల తరబడి ఉన్న అలవాటు ఉంటుంది, కొన్నిచోట్ల తయారీ ఖర్చు కూడా ఇస్తారు. మీ ముందున్న కంపెనీ ముందు డబ్బు ఇవ్వకుండా శాశ్వత హక్కు అడుగుతోంది. దానికి బదులుగా ఏం తెస్తోందో అదే చూపించుకోవాలి. అమ్మేస్తున్నారా, అద్దెకిస్తున్నారా అన్నది మీకు తేలాలి. అద్దె డబ్బులకి అమ్మకం దస్తావేజు రాయకూడదు.

కంపెనీ సత్తా ఎంతో మీరే చూసుకోవచ్చు. ఏస్కాప్, బీఎంఐ 2020 చివర్లో కలిసి సాంగ్‌వ్యూ అనే సమాచార వ్యవస్థను బయటపెట్టాయి. రెండు సొసైటీల సైట్లలోనూ ఉచితంగా వెతకొచ్చు. కంపెనీ వెబ్‌సైటు పేరుతో కాకుండా కాంట్రాక్టులో ఉన్న పబ్లిషింగ్ సంస్థ పేరుతో వెతకండి. రెండూ తరచూ వేరుగా ఉంటాయి. వేల ట్రాకులున్నాయని చెప్పుకునే కంపెనీ పేరు మీద పాతిక నమోదులు మాత్రమే కనిపిస్తే, స్వరకర్తల బ్యాక్ ఎండ్ గాలికి పోతోందని అర్థం. కంపెనీ యజమాని పేరు పదుల కొద్దీ వేర్వేరు స్వరకర్తల ట్రాకుల్లో సహ రచయితగా కనిపిస్తే రైటర్ వాటాలోంచి కోసుకుంటున్నారేమోనని గట్టిగా అనుమానించండి. అమెరికాకు సంబంధించని కంపెనీ అయితే దాని సొంత దేశపు సొసైటీ సైటులో ఇలాంటి వెతుకులాట ఉందేమో చూడండి.

తర్వాత వాళ్ల సైటులోకే వెళ్లి ఒక ఎడిటర్‌లా వెతకండి. మీ రకం సంగీతాన్ని వర్ణించే మాటలు కొట్టండి: పియానో, విషాదం, నెమ్మది. నాలుగువేల ఫలితాలు వస్తే మీది నాలుగువేల ఒకటోది. నలభై వచ్చి, అవి నాణ్యంగా ఉండి, మీ ధోరణికి దగ్గరగా ఉంటే అక్కడ మీకు చోటుంది. ఒక్కో ట్రాకుకి పొట్టి వెర్షన్లు, విడివిడి స్టెమ్‌లు (వాద్యాలవారీగా విడదీసిన ఆడియో ఫైళ్లు) పెట్టారా, కీవర్డులు బుర్రపెట్టి రాశారా, చివరి ఆల్బమ్ ఎప్పుడు విడుదలైంది? వాళ్ల క్యాటలాగులో ఉన్న ఇద్దరు ముగ్గురు స్వరకర్తలకు రాసి, లెక్కల పత్రాలు సమయానికి వస్తున్నాయా అని అడగండి. ట్రాకు వినడానికే డబ్బు కట్టమనే కంపెనీ అయితే ఇంత శ్రమ అక్కర్లేదు, వదిలేయండి. లైబ్రరీ బతకాల్సింది కొనుగోలుదారుల డబ్బు మీద.

ఇవన్నీ బాగుంటే రివర్షన్ క్లాజు అడగండి. సంతకం చేసిన మూడేళ్లలో ఏ ట్రాకుకైతే ఒక్క ప్లేస్‌మెంటూ (ఏదైనా కార్యక్రమంలోనో సినిమాలోనో వాడకం) రాదో అది రాతపూర్వక నోటీసుతో మీకు తిరిగి రావాలి. లేదా మొత్తం ఒప్పందానికే మూడు నుంచి ఐదేళ్ల గడువు పెట్టించండి. అప్పటికే ఇచ్చిన లైసెన్సులు గడువు తర్వాత కూడా చెల్లుతాయి. అది న్యాయమే, దాని మీద పేచీ పెట్టకండి. చూసుకోవాల్సింది ఆటోమేటిక్ రెన్యువల్. "గడువుకు 90 రోజుల ముందు నోటీసు ఇవ్వకపోతే మరో మూడేళ్లు పొడిగింపు" అని ఉంటుంది. ఆ తేదీ దాటితే చేయగలిగింది ఏమీ ఉండదు. సంతకం చేసిన రోజే ఆ తేదీని క్యాలెండర్‌లో ఎక్కించండి. నోటీసు ఈమెయిల్‌లో చెల్లుతుందా, కాగితం పంపాలా అన్నది కూడా అక్కడే రాసుకోండి.

రెండో ప్రతిపాదన, నాన్ ఎక్స్‌క్లూజివ్ సైటు. పాండ్5 లాంటివి ఈ కోవలోవి. "రెండు మూడు చోట్ల పెట్టొచ్చా" అన్నదానికి జవాబు ఇక్కడ ఉంది. నాన్ ఎక్స్‌క్లూజివ్ సైట్లలో పెట్టొచ్చు. ఒకే పేరుతో పెట్టండి, ధరను మీరే పెట్టుకునే చోటైతే అన్నిచోట్లా ఒకేలా ఉంచండి, కంటెంట్ ఐడీ ఆపి ఉంచండి. కానీ నాన్ ఎక్స్‌క్లూజివ్ అని చెప్పుకునే కొన్ని లైబ్రరీలు రీటైటిలింగ్ చేస్తాయి. మీ ట్రాకుకు కొత్త పేరు పెట్టి, ఆ పేరు మీద పబ్లిషర్ వాటా తమకు వచ్చేలా సొసైటీలో నమోదు చేస్తాయి. అదే ఆడియో నాలుగు లైబ్రరీల్లో నాలుగు పేర్లతో తిరుగుతుంది. ప్రసారాలను వింటూ ఉండే బీమాట్, సౌండ్‌మౌస్ లాంటి గుర్తింపు వ్యవస్థలు పేరుని పట్టించుకోవు, ధ్వనిని గుర్తుపడతాయి. దొరికింది ఏ పేరు కింద, ఏ పబ్లిషర్‌కి వెయ్యాలో తెలియక డబ్బు ఆగుతుంది, లేదా తప్పు చోటికి పోతుంది. ఇంకో నష్టం: ఒకే సూపర్‌వైజర్‌కి ఇద్దరు అదే ట్రాకు వేర్వేరు ధరలకి పంపిస్తారు. ఆయన ఇద్దరినీ పక్కనపెట్టి మూడో ట్రాకు తీసుకుంటాడు. హక్కుల తగువు వాసన వస్తే కొనేవాళ్లు వెళ్లిపోతారు. రీటైటిలింగ్ చేసే చోటికి ఒక ట్రాకును ఒక్కదానికే ఇవ్వండి, లేదా అసలు ఇవ్వకండి.

వరస కూడా ముఖ్యం. ఎక్స్‌క్లూజివ్ కాలం అయిపోయిన ట్రాకును తర్వాత నాన్ ఎక్స్‌క్లూజివ్ సైటుకి తేవచ్చు. ఎదురు దారి దాదాపు మూసుకుపోతుంది. ఒకసారి సైటులో అమ్ముడైతే ఆ కొనుగోలుదారుడి లైసెన్సు బతికే ఉంటుంది. ఎక్స్‌క్లూజివ్ లైబ్రరీ అడిగే మొదటి హామీ "ఇంతకుముందు ఎవరికీ లైసెన్సు ఇవ్వలేదు" అన్నదే. అందుకే, ఊరికే పడి ఉన్నాయి కదా అని మంచి ట్రాకుల్ని ముందుగా సైటులో పడేయకండి.

మూడో ప్రతిపాదన, బైఅవుట్. చందా కంపెనీలు కొన్ని, ఉదాహరణకు ఎపిడెమిక్ సౌండ్, తమ క్యాటలాగు ఆర్థిక హక్కులు మొత్తం తమవే కావాలంటాయి. అలా అయితేనే చందాదారుడికి "దీన్ని ఎక్కడ వాడినా ఎవరూ మిమ్మల్ని అడగరు" అని చెప్పగలవు. ఇక్కడ చాలామంది తడబడేది సొసైటీ సభ్యత్వం దగ్గర. పీఆర్ఎస్ లాంటి అనేక సొసైటీల్లో చేరినప్పుడే పెర్ఫార్మింగ్ హక్కును సొసైటీకి బదిలీ చేసేస్తారు. మీ దగ్గర లేని హక్కును చందా కంపెనీకి అమ్మలేరు. అమ్మినట్టు సంతకం చేస్తే ఇటు సొసైటీతోనూ అటు కంపెనీతోనూ మాట తప్పినట్టే. ఏస్కాప్, బీఎంఐ విషయం వేరు. 1941 నుంచి కోర్టు పర్యవేక్షణలో ఉన్న ఒప్పందాల వల్ల అవి సభ్యుల నుంచి తీసుకునేది నాన్ ఎక్స్‌క్లూజివ్ హక్కే, సభ్యులు నేరుగా లైసెన్సు ఇచ్చుకునే వీలుంది. కాంట్రాక్టులో "డైరెక్ట్ లైసెన్సు", "పెర్ఫార్మెన్స్ రాయల్టీ వదులుకొనుట" లాంటి మాటలు కనిపిస్తే ముందు మీ సొసైటీకి ఆ పేజీ పంపి అడగండి. "రాయల్టీ ఫ్రీ" అన్న మాట కొనేవాళ్ల వైపు నుంచి పుట్టింది. వాళ్లు మళ్లీ మళ్లీ కట్టక్కర్లేదని దాని అర్థం. స్వరకర్తకు రాయల్టీ ఉండదని దానంతట అది చెప్పదు. రాయల్టీ ఫ్రీగా కొన్న ట్రాకు టీవీలో ప్రసారమైతే చానల్ సొసైటీకి కట్టాల్సింది కట్టే సందర్భాలు ఉంటాయి. మీ కాంట్రాక్టు దాన్ని తీసేసిందా లేదా అన్నది చూడాలి.

బైఅవుట్ మొత్తాన్ని తూచడానికి ఒక పద్ధతి: ఆ ట్రాకును ఇక ఎప్పటికీ మీది అనుకోకుండా, ఆ డబ్బుకి మళ్లీ అలాంటిది కట్టడానికి మీకు పట్టే రోజుల కూలి వస్తుందా చూడండి. వస్తే అది ఉద్యోగం లాంటి పని, చేయొచ్చు. దానికి మీ దగ్గరున్న మంచి ట్రాకులు ఇవ్వక్కర్లేదు, వాళ్ల కోసం కొత్తవి కట్టి ఇవ్వండి. స్ట్రీమింగు ఆదాయంలో వాటా, మీ పేరు వేయడం, నమూనాగా వినిపించుకునే అనుమతి అడిగి తీసుకోండి. చందాదారుల వాడకం పెరిగినప్పుడు మీకు అదనంగా ఏమైనా వస్తుందా అని కూడా.

ఏ కాగితమైనా సరే, "మెషీన్ లెర్నింగ్", "డేటాసెట్", "ఇప్పుడున్న లేక ఇకపై రాబోయే ఏ సాంకేతికతలోనైనా" అన్న మాటల కోసం వెతకండి. మీ ట్రాకుల్ని ఏఐ మోడళ్ల శిక్షణకు అమ్మే హక్కు ఆ వాక్యాల్లోనే దాక్కుంటుంది. తీసేయమనండి. తీయకపోతే విడిగా అనుమతి, విడిగా డబ్బు అని రాయించండి. వాళ్ల వైపు నుంచి కూడా ఇప్పుడు హామీ అడుగుతున్నారు, ట్రాకు మనిషి కట్టిందేనని. మనిషి ప్రమేయం లేకుండా ఏఐ పుట్టించిన దానికి అమెరికా కాపీరైట్ కార్యాలయం రక్షణ ఇవ్వదు. అందువల్ల అలాంటి ముక్క మీ ట్రాకులో ఉంటే దాచకండి. ఇండెమ్నిటీ క్లాజును కూడా చూడండి. మీ హామీ తప్పని తేలితే కంపెనీ నష్టమంతా మీరు భరించాలన్నది అందులో ఉంటుంది. "తుది తీర్పులో రుజువైన ఉల్లంఘనకు మాత్రమే, మీకు అందిన మొత్తం వరకే" అని పరిమితి అడగండి. అందరూ ఒప్పుకోరు గానీ అడిగితే పోయేదేమీ లేదు.

నమోదు దగ్గర మీ వైపు నుంచే జరిగే పొరపాటు ఒకటుంది. స్వరకర్త తన ట్రాకును ముందే సొసైటీలో తన సొంత పబ్లిషింగు కింద నమోదు చేసుకుంటాడు. తర్వాత లైబ్రరీ అదే ట్రాకును తన పబ్లిషింగు కింద చేస్తుంది. పబ్లిషర్ వాటాల మొత్తం వంద దాటుతుంది, సొసైటీ చెల్లింపు ఆపేస్తుంది. ఎక్స్‌క్లూజివ్‌గా ఇవ్వబోయే ట్రాకుల్ని మీరు నమోదు చేయకండి. ఇప్పటికే చేసి ఉంటే ఆ వర్క్ నంబర్లను లైబ్రరీకి ఇచ్చి, పబ్లిషర్ వివరం మార్చమనండి. మీ పేరు అన్నిచోట్లా ఒకే స్పెల్లింగులో, 11 అంకెల ఐ.పి.ఐ. నంబరుతో (సొసైటీల్లో స్వరకర్తను గుర్తించే నంబరు) ఉండాలి. ఒక అంకె తేడా వస్తే డబ్బు దారి తప్పుతుంది.

ఇచ్చే సరుకు గురించి కొంచెం. ఫైళ్లు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్. వినడానికి పంపేవి 320 కేబీపీఎస్ ఎంపీ3, లోపల మెటాడేటా నింపి: పేరు, స్వరకర్త, ఐ.పి.ఐ., సొసైటీ, వాటాలు, టెంపో, శ్రుతి, మూడ్, మీ ఈమెయిల్. వేవ్ ఫైల్లో మెటాడేటా నమ్మకంగా నిలవదు కాబట్టి పక్కన స్ప్రెడ్‌షీటు పెట్టండి. పూర్తి మిక్స్‌తో పాటు ప్రధాన మెలోడీ తీసేసిన అండర్‌స్కోర్, డ్రమ్స్ లేని మిక్స్, 60, 30, 15 సెకన్ల కట్‌లు, ఒక స్టింగ్ (కొద్ది సెకన్ల ముక్క), స్టెమ్‌లు ఉంటే ఎడిటర్ మీ ట్రాకు వదలడు. చివర ఫేడ్ అవుట్ చేయకండి. గట్టిగా ఆగే ముగింపు ఉంటే దృశ్యం కట్ మీద కూర్చుంటుంది. ముప్పై సెకన్ల కట్ ప్రతిధ్వని తోకతో కలిపి ముప్పై దాటకూడదు.

డబ్బు ఎప్పుడొస్తుందని అడగలేదు గానీ, అడగాల్సింది. టీవీలో ప్రసారమైన నాటి నుంచి సొసైటీ డబ్బు చేతికందడానికి సొంత దేశంలో ఆరు నుంచి తొమ్మిది నెలలు, విదేశాల నుంచి ఏడాది రెండేళ్లు పట్టడం మామూలు. దానికి ముందు లైబ్రరీ విడుదల చేయడం, ఎడిటర్ కంట పడటం, కార్యక్రమం ప్రసారం కావడం ఉన్నాయి. ఇచ్చిన ఏడాదికే "ఏమీ రాలేదు" అని తేల్చేయకండి. సినిమాల విషయంలో ఇంకో సంగతి: అమెరికా థియేటర్లలో సినిమా ఆడినందుకు సంగీతానికి పెర్ఫార్మెన్స్ రాయల్టీ రాదు, ఐరోపా దేశాల్లో వస్తుంది. అమెరికా సినిమాకి ట్రాకు ఇస్తుంటే ముందు వచ్చే ఫీజు మీదే గట్టిగా నిలబడండి.

మీ నలభైని ఇలా పంచితే బాగుంటుందని మా ఉద్దేశం. స్ట్రీమింగ్‌లో ఎక్కని వాటిలోంచి ఒకే ధోరణిలో సాగే ఎనిమిది, పది ట్రాకులు తీసి ఒక ఆల్బమ్‌గా లైబ్రరీకి గడువుతో కూడిన ఎక్స్‌క్లూజివ్‌గా ఇవ్వజూపండి. నలభై ఒకేసారి వద్దు, మొదటి ఆల్బమ్‌ను ఎలా చూసుకుంటారో తెలిశాక రెండోది. ఇప్పటికే విడుదలైన ట్రాకుల్లో కంటెంట్ ఐడీ ఆగిందని తేలినవి నాన్ ఎక్స్‌క్లూజివ్ సైటుకి వెళ్లొచ్చు. చందా కంపెనీకి, సొసైటీ సరేనంటేనే, రెండు మూడు కొత్తవి కట్టి ఇచ్చి చూడండి. మిగిలినవి మీ దగ్గరే ఉంచుకోండి. సింక్ ఏజెంటుతోనో నేరుగా సూపర్‌వైజర్‌తోనో పని పడినప్పుడు ఏ అడ్డూ లేని ట్రాకులు చేతిలో ఉండాలి. ఏ ట్రాకు ఎక్కడ, ఏ పేరుతో, ఏ తేదీ దాకా, నోటీసు గడువు ఎప్పుడు, కంటెంట్ ఐడీ ఎవరి చేతిలో అన్న పట్టిక లేకుండా మాత్రం ఇది నడవదు.

లైబ్రరీకి రాసే జవాబు పొడుగ్గా ఉండక్కర్లేదు: "పది ట్రాకుల ఆల్బమ్ ఇవ్వడానికి సిద్ధం. ఐదేళ్ల గడువు, లేదా మూడేళ్లలో ప్లేస్‌మెంటు రాని ట్రాకులకు రివర్షన్ కావాలి. రైటర్ వాటా పూర్తిగా నాదేనని, బ్లాంకెట్ ఆదాయంలో నా వాటా ఎంతో, విదేశీ సబ్ పబ్లిషర్ల కోత గరిష్ఠంగా ఎంతో కాంట్రాక్టులో చేర్చగలరా?" "ఇది మా ప్రామాణిక కాంట్రాక్టు, మార్చం" అంటే ట్రాకుకి ఇంత అని తయారీ ఖర్చు అడగండి. అదీ కుదరదంటే ఆ నిబంధనలతో ఇచ్చేది మీకు పోయినా బాధలేని రెండు ట్రాకులే.

సంతకానికి ముందు ఆఖరి పేజీలో ఉండే షెడ్యూలు చూడండి. ఇస్తున్న ట్రాకుల పేర్లు, నిడివి, ఐ.ఎస్.ఆర్.సి. నంబర్లు అక్కడ ఒక్కొక్కటిగా ఉండాలి. "కాలపరిమితిలో స్వరకర్త తయారుచేసే అన్ని రచనలు" అని ఉంటే కొట్టేయించండి. షెడ్యూలు ఖాళీగా పెట్టి "తర్వాత నింపుకుందాం" అంటే, నింపి పంపేదాకా సంతకం ఆపండి.